పిల్లల చెవి మిషన్‌కు బీమా: పాలసీ ఎంచుకోవడం నుంచి క్లెయిమ్ దాకా

ఐదేళ్ల పిల్లకు రెండు చెవులకూ మంచి డిజిటల్ వినికిడి మిషన్లు (హియరింగ్ ఎయిడ్‌లు) పెట్టించారంటే, ఇంట్లోని ఖరీదైన వస్తువుల్లో ఒకటి బీరువాలో కాకుండా రోజూ స్కూలు బస్సెక్కి తిరుగుతోందన్నమాట. దాన్ని మోసే మనిషికేమో దాని ధర తెలియదు. స్నేహితురాలికి చూపిద్దామని తీసి బెంచీ మీద మరిచిపోతుంది, ఇసుకలో పాతిపెడుతుంది, కుక్కపిల్ల నోటికి అందిస్తుంది. ఆ రోజు వచ్చాక పాలసీ కాగితాలు వెతుక్కుంటే లాభం లేదు. ఇలాంటి క్లెయిమ్ నిలవడమా పోవడమా అన్నది చాలావరకు మిషన్ కొన్న వారంలోనే తేలిపోతుంది.

ముందు ఒక సంగతి మనసులో పెట్టుకోండి. బీమా కంపెనీ లెక్కలో చెవి మిషన్ వైద్యం కాదు, వస్తువు. మెడలో గొలుసుకో, చేతిలో కెమెరాకో ఎలా బీమా చేయిస్తారో దీనికీ అలాగే చేయించాలి. ఇది తెలియక మెడిక్లెయిమ్ ఉందన్న ధీమాతో ఉండిపోయేవాళ్లే ఎక్కువ.

ఆరోగ్య బీమా దీనికి ఎందుకు రాదు

ఆరోగ్య పాలసీ ఆసుపత్రి ఖర్చు కోసం పుట్టింది. కళ్లద్దాలు, కాంటాక్ట్ లెన్సులు, హియరింగ్ ఎయిడ్‌లు, శరీరానికి బయట వాడే పరికరాలు అన్న వరుస ఆ పాలసీల్లో సాధారణంగా మినహాయింపుల పేజీలోనే కనిపిస్తుంది. నెబ్యులైజర్ కిట్, స్పేసర్, స్పైరోమీటర్, నడకకు ఊతమిచ్చే సాధనాలు, ఆసుపత్రి బయట వాడే ఆక్సిజన్ సిలిండర్ కూడా బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ రూపొందించిన 68 వస్తువుల జాబితాలో ఉన్నాయి. అది కంపెనీ ఇష్టపడితే ఇవ్వొచ్చు, లేకపోతే మానొచ్చు అన్న జాబితా. కొన్ని కంపెనీలు అదనపు ప్రీమియంతో ఆ జాబితాను చెల్లిస్తామంటాయి. అదీ ఆసుపత్రిలో చేరిన సందర్భానికే తప్ప ఇంట్లో పగిలిన పరికరానికి కాదు.

కాక్లియర్ ఇంప్లాంట్ (ఆపరేషన్ చేసి చెవి లోపల అమర్చే వినికిడి పరికరం) దగ్గర గందరగోళం ఇంకా ఎక్కువ. ఆపరేషన్, లోపల అమర్చే భాగం ఆసుపత్రి బిల్లులో ఉంటాయి కాబట్టి పాలసీ పరిమితులను బట్టి చెల్లింపు ఉండొచ్చు. చెవి వెనక పెట్టే ప్రాసెసర్ మూడేళ్ల తర్వాత పార్కులో పడిపోతే అది ఆ పాలసీ పరిధిలోని నష్టం కాదు. ఆరోగ్యశ్రీ కింద ఆపరేషన్ అయినవాళ్లు డిశ్చార్జ్ కాగితాలతో పాటు ప్రాసెసర్ వారంటీ కార్డు, సీరియల్ నంబరు రాసిన కాగితం ఆసుపత్రి నుంచి అడిగి తీసుకోవాలి. ఇవి ఆసుపత్రి ఫైల్లోనే ఉండిపోయి తల్లిదండ్రుల చేతికి రాకపోవడం మామూలే.

నేషనల్ ట్రస్టు వారి నిరామయ ఆరోగ్య బీమా పథకం గురించి కూడా చాలామంది అడుగుతుంటారు. అది ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, మేధో వైకల్యం, బహుళ వైకల్యాలు ఉన్నవారికి. వినికిడి లోపం ఒక్కటే ఉన్న పిల్లలు అందులోకి రారు.

వైకల్యం ఉన్నవారికి పరికరాలు ఇచ్చే కేంద్ర ప్రభుత్వ ఏడీఐపీ పథకంలో ఉచితంగా మిషన్ తీసుకున్నవాళ్లకు మాత్రం ఒక వెసులుబాటు ఉంది. మామూలుగా ఒకసారి తీసుకున్నాక మళ్లీ అదే సాయానికి మూడేళ్లు ఆగాలి. 12 ఏళ్ల లోపు పిల్లలకు ఆ గడువు ఏడాదే. అంటే అలాంటి మిషన్ పోతే ప్రైవేటు బీమా గురించి ఆలోచించేముందు, తీసుకున్న తేదీ చూసుకుని మళ్లీ దరఖాస్తు పెట్టొచ్చేమో లెక్క వేసుకోండి. ఆదాయ పరిమితి, వైకల్య ధ్రువపత్రం మామూలే. సికింద్రాబాద్ మనోవికాస్‌నగర్‌లో అలీ యావర్ జంగ్ జాతీయ వినికిడి వైకల్య సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది. తెలుగువాళ్లు ముందు అడగాల్సిన చోటు అదే.

ఏ పాలసీ అడగాలి

ఏజెంటు దగ్గరికి వెళ్లి "చెవి మిషన్‌కు ఇన్సూరెన్స్ ఉందా?" అంటే "లేదు" అనే అంటాడు. ఆ పేరుతో పాలసీ ఉండదు మరి. "ఆల్ రిస్క్ పాలసీ కింద పేరు రాయించి ఒక పోర్టబుల్ వస్తువుకు కవర్ కావాలి" అనండి. ప్రభుత్వ రంగ సాధారణ బీమా కంపెనీలు నాలుగు: న్యూ ఇండియా, యునైటెడ్ ఇండియా, ఓరియంటల్, నేషనల్. వీటి బ్రాంచీకి నేరుగా వెళ్లి అడగడం మేలు. చిన్న ప్రీమియం, కొత్త రకం వస్తువు అనగానే ఏజెంటుకు ఆసక్తి ఉండదు. బ్రాంచిలో అండర్‌రైటింగ్ (ఏ వస్తువుకు, ఏ షరతులతో బీమా ఇవ్వాలో తేల్చే పని) చూసే అధికారి చేతిలోనే ఈ నిర్ణయం ఉంటుంది.

ఆల్ రిస్క్ పాలసీలో వస్తువు ఎక్కడున్నా, ప్రమాదవశాత్తు పగిలినా, దొంగతనం జరిగినా కవర్ ఉంటుంది. పేరులో 'ఆల్' ఉన్నా మినహాయింపులు బోలెడు. వాటి సంగతి తర్వాత.

ఇంటి బీమా ఉన్నవాళ్లు దాన్ని కూడా తిరగేయండి. 2021 ఏప్రిల్ 1 నుంచి వచ్చిన భారత్ గృహ రక్షలో ఇంటి భవనానికి బీమా చేయిస్తే, ఆ మొత్తంలో 20 శాతం మేర, గరిష్ఠంగా 10 లక్షల దాకా ఇంట్లోని సామాన్లకు దానంతటదే కవర్ వస్తుంది. నిప్పు, వరద, తుపానులాంటివి ఇందులో ఉన్నాయి. దొంగతనం మాత్రం అలాంటి ప్రమాదం జరిగిన 7 రోజుల లోపు, దాని కారణంగా జరిగితేనే. గుమ్మం దాటి బయటికెళ్లిన మిషన్‌కు ఇది అక్కరకు రాదు. పాత తరహా హౌస్‌హోల్డర్స్ పాలసీల్లో మాత్రం నగలు, విలువైన వస్తువుల కోసం ఆల్ రిస్క్ విభాగం విడిగా ఉంటుంది. అందులో మిషన్‌ను పేరుతో చేర్పించుకోవచ్చేమో అడగండి. విడి పాలసీ కన్నా ఇది సులువుగా దొరకొచ్చు.

మిషన్ అమ్మే క్లినిక్కులో "ఇన్సూరెన్స్ కూడా ఉంది సార్" అంటే ఒక్క క్షణం ఆగండి. అది నిజంగా బీమా అయితే కంపెనీ పేరు, పాలసీ నంబరు, యూఐఎన్ అనే ఉత్పత్తి గుర్తింపు సంఖ్య ఉన్న సర్టిఫికెట్ మీ పేరు మీద రావాలి. ఇవేవీ లేకుండా రసీదు మీద 'ఇన్సూరెన్స్' అని రాసిచ్చారంటే అది డీలరు సర్వీసు ఒప్పందం. పనికిరాదని కాదు. కానీ దుకాణం మూతపడితే అదీ మూతపడుతుంది, ఐఆర్‌డీఏఐకి ఫిర్యాదు చేసే దారి ఉండదు. తయారీదారు వారంటీ వేరు. అది లోపలి లోపానికి, బీమా బయటి ప్రమాదానికి. రెండూ ఉండాలి. ఒకటుంటే రెండోది వద్దని ఎవరైనా అంటే ఆ మాట పట్టించుకోకండి.

ఆన్‌లైన్‌లో దొరికే గాడ్జెట్ ఇన్సూరెన్సులు చాలావరకు ఫోన్లు, ల్యాప్‌టాప్‌ల కోసం. ప్రయాణ బీమాలో సామాను కవర్ ఉన్నా, కళ్లద్దాలు, కట్టుడు పళ్లతో పాటు హియరింగ్ ఎయిడ్‌ను తీసేయడం మామూలు.

పాలసీలో వేలు పెట్టి చదవాల్సిన చోట్లు

పిల్లల మిషన్లు ఎక్కువగా పోయే తీరు రెండు: ఎక్కడ పోయిందో తెలియకుండా పోవడం, నీళ్లలో తడవడం. పాలసీల్లో గట్టిగా మినహాయించేవీ ఇవే.

మొదటిది. దొంగతనం అంటే ఎవరో తీసుకున్నారని ఆధారం ఉండాలి. "పొద్దున ఉంది, సాయంత్రం లేదు" అన్నదాన్ని కంపెనీలు కారణం తెలియని అదృశ్యం కింద లెక్కేసి కాదంటాయి. కాబట్టి కొనేముందే "ప్రమాదవశాత్తు పోగొట్టుకుంటే కవర్ ఉందా, దొంగతనం ఒక్కటేనా?" అని రాతపూర్వకంగా అడగాలి. అడగాల్సిన వాటిలో ఒక్కటే ఎంచుకోమంటే ఇదే ఎంచుకోండి. దీనికి "లేదు" అని జవాబొస్తే ప్రీమియం ఎంత తక్కువైనా ఆ పాలసీ మీ పిల్లకు పెద్దగా ఉపయోగపడదు.

రెండోది. హఠాత్తుగా బకెట్లో పడితే ప్రమాదం. చెమట, తేమ రోజూ కొంచెం కొంచెం చేరి బ్యాటరీ దగ్గరి లోహం చిలుము పడితే అది అరుగుదల కిందికి వస్తుంది, డబ్బు రాదు. సర్వీస్ సెంటర్ రిపోర్టులో 'తేమ చేరింది' అని ఒక్క ముక్క రాస్తే నష్టాన్ని అంచనా వేయడానికి కంపెనీ పంపే సర్వేయర్ అరుగుదల ఖాతాలోనే వేస్తాడు. జరిగింది జరిగినట్టు టెక్నీషియన్‌కు చెప్పి, కారణం కూడా రిపోర్టులో రాయమని అడగండి. జరగనిది రాయించొద్దు. ఎన్నాళ్లుగా తేమ చేరుతోందో లోపలి చిలుమే చెప్పేస్తుంది.

జత, సెట్టు షరతు చాలామంది చూడరు. ఆల్ రిస్క్ పాలసీల్లో తరచూ ఒక వాక్యం ఉంటుంది: జతగా ఉన్న వస్తువుల్లో ఒకటి పోతే ఆ ఒక్కదాని విలువే ఇస్తాం, జత విడిపోయినందుకు అదనంగా ఇవ్వం. చెవి మిషన్లలో కుడిది పోయి ఆ మోడల్ ఆగిపోయి ఉంటే, రెండు చెవులకూ వినికిడి ఒక తీరుగా కుదరడానికి రెండూ మార్చాల్సి రావచ్చు. అందుకే షెడ్యూలులో (పాలసీలో బీమా చేసిన వస్తువుల జాబితా ఉండే పేజీలో) కుడి, ఎడమ విడివిడిగా, వేర్వేరు సీరియల్ నంబర్లతో, వేర్వేరు విలువలతో రాయించండి. "హియరింగ్ ఎయిడ్ సెట్ 1" అని రాస్తే ఒప్పుకోకండి. మోడల్ ఆగిపోయిందని కంపెనీ డీలరు లెటర్‌హెడ్ మీద రాసిస్తే బేరానికి బలం వస్తుంది.

విలువ తక్కువ చూపించి ప్రీమియం మిగుల్చుకోవాలన్న ఆశ ఇంకో ఉచ్చు. మిషన్ విలువ 1,60,000 అయితే 80,000కు బీమా చేయించారనుకోండి. 40,000 రిపేరు వచ్చింది. బీమా మొత్తం 80,000 ఉంది కదా, 40,000 ఇస్తారనుకుంటారు. సగం విలువకే చేయించారు కాబట్టి సగమే, 20,000 ఇస్తారు. దాన్నే యావరేజ్ షరతు అంటారు. అందులోంచి ఎక్సెస్, అంటే ప్రతి క్లెయిమ్‌లో మీరు భరించాల్సిన తొలి భాగం, మళ్లీ తీస్తారు.

తర్వాత తరుగు. పోయిన వస్తువుకు మార్కెట్ విలువ ఇస్తారా, అదే స్థాయి కొత్తది కొనుక్కునే ధర ఇస్తారా? మూడేళ్ల మిషన్‌కు ఈ రెండింటి మధ్య తేడా సగం దాకా ఉండొచ్చు. కారులో వదిలేసిన వస్తువు గురించి కూడా చూడండి. తలుపులు, అద్దాలు పూర్తిగా వేసి తాళం వేసి ఉంటేనే అని మెలిక ఉంటుంది. ఆటో, ఓపెన్ జీపు అందులోకి రావు. ఎలుకలు, పురుగులు కొరికితే చాలా పాలసీల్లో రాదు. కుక్క కొరికితే? అడిగి రాయించుకోండి. చెవి గులిమి వాసన, మిషన్ సన్నటి కూత కుక్కల్ని లాగుతాయి. కుక్కలున్న ఇంట్లో ఇది అరుదైన ప్రమాదం కాదు.

బ్యాటరీలు, ట్యూబులు, ఇయర్ మోల్డులు (చెవి ఆకారానికి పోతపోసిన ముక్కలు) వాడి పారేసే వస్తువులు. వాటికి బీమా ఆశించొద్దు. నెలల పిల్లలకైతే చెవి పెరిగిన కొద్దీ కొన్ని నెలలకోసారి మోల్డ్ మార్చాల్సిందే.

బ్రాంచికి పంపాల్సిన ఉత్తరం

నోటి మాట క్లెయిమ్ రోజున ఎవరికీ గుర్తుండదు. ఈమెయిల్ పెట్టి జవాబు దాచుకోండి. ఇలా రాయొచ్చు:

"నా మైనరు కుమార్తె రోజూ వాడే రెండు హియరింగ్ ఎయిడ్‌లకు (కుడి, ఎడమ, సీరియల్ నంబర్లు జత చేశాను) ఆల్ రిస్క్ కవర్ కోరుతున్నాను. వాడేది 6 ఏళ్ల పాప అనీ, స్కూలుకు, ఆటలకు, ప్రయాణాలకు పెట్టుకునే వెళ్తుందనీ ముందే తెలియజేస్తున్నాను. కింది వాటికి అవును, కాదు అని జవాబివ్వగలరు. ప్రమాదవశాత్తు పోగొట్టుకుంటే చెల్లింపు ఉందా? అకస్మాత్తుగా నీళ్లలో పడితే? పెంపుడు జంతువు వల్ల పాడైతే? స్కూలు ఆవరణలో జరిగితే? చెల్లింపు కొత్తదాని ధర మీదా, తరుగు తీసేసా? ఎక్సెస్ ఎంత? దేశం బయట వర్తిస్తుందా?"

పాప వయసు, రోజువారీ వాడకం దాచొద్దు. ముఖ్యమైన విషయం దాచారని క్లెయిమ్ కొట్టేసే అవకాశం మీరే వాళ్ల చేతికి ఇచ్చినట్టవుతుంది. పాలసీ తల్లి లేదా తండ్రి పేరు మీద ఉండాలి, బిల్లు కూడా అదే పేరు మీద ఉంటే మంచిది. తాతగారు డబ్బు కట్టి బిల్లు తన పేరున రాయించుకుంటే వస్తువు ఎవరిదన్న ప్రశ్న వస్తుంది. ట్రస్టు నుంచో, స్కూలు నుంచో వాడుకోవడానికి ఇచ్చిన పరికరమైతే సొంతదారు వాళ్లే. బీమా వాళ్లు చేయించారా, పోతే మీరు కట్టాలా అన్నది తీసుకున్న రోజే కాగితం మీద తేల్చుకోండి.

ప్రీమియం కోట్ వచ్చాక చిన్న లెక్క వేయండి. వస్తు బీమా ప్రీమియం మీద 18 శాతం జీఎస్టీ ఉంటుంది. 2025 సెప్టెంబరు 22 నుంచి సొంతంగా తీసుకునే ఆరోగ్య పాలసీలకు వచ్చిన మినహాయింపు దీనికి లేదు. లెక్క కోసం అనుకుందాం: మిషన్ 18,000, ఏటా ప్రీమియం పన్నుతో కలిపి 900, ఎక్సెస్ 2,500. మూడో ఏట 40 శాతం తరుగు తీస్తే విలువ 10,800, ఎక్సెస్ పోను చేతికొచ్చేది 8,300. అప్పటికి మీరు కట్టింది 2,700. ఇంత తక్కువ ధర మిషన్‌కు ఈ శ్రమ ఎందుకు? నెలకు కొంత పోస్టాఫీసులో వేసుకోవడమే నయం. లక్ష దాటిన జతకు, లక్షల్లో ఉండే కాక్లియర్ ప్రాసెసర్‌కు మాత్రం బీమా లేకుండా ఉండకూడదు.

కొన్న వారంలో తయారు చేసుకోవాల్సిన ఫైలు

బిల్లు అసలుది, అందులో మోడల్ పూర్తి పేరు, కుడి ఎడమ సీరియల్ నంబర్లు. వారంటీ కార్డు. ఆడియోగ్రామ్ (వినికిడి పరీక్ష ఫలితం), చిన్నపిల్లలైతే బెరా (చెవి నరం స్పందన కొలిచే) పరీక్ష రిపోర్టు. ఈ మోడలే ఎందుకు కావాలో ఆడియాలజిస్టు (వినికిడి నిపుణుడు) రాసిన నాలుగు వాక్యాల ఉత్తరం. ఈ చివరిది లేకపోతే "ఇంతకన్నా చవకది సరిపోతుంది కదా" అని సర్వేయర్ అంటే జవాబుండదు.

ఫొటోలు తీయండి. సీరియల్ నంబరు చాలా మోడళ్లలో బ్యాటరీ తలుపు తెరిస్తే లోపల సన్నటి అక్షరాల్లో ఉంటుంది. ఫోన్ కెమెరాను జూమ్ చేసి చదవగలిగేలా తీయాలి. ఎర్ర గుర్తు కుడి చెవికి, నీలం గుర్తు ఎడమ చెవికి. రెండూ ఒకే ఫొటోలో కనపడాలి. పాప పెట్టుకుని ఉన్న ఫొటో నెలకొకటైనా ఉంటే, పోయిన రోజు దాకా వాడుతోందన్నదానికి అంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు. కాక్లియర్ అయితే ప్రాసెసర్, కాయిల్, కేబుల్, అయస్కాంతం, ఛార్జర్, క్లాస్‌రూమ్ మైకు విడివిడిగా జాబితా రాసి పాలసీ షెడ్యూలులో ఎక్కించండి. జాబితాలో లేని కేబుల్‌కు డబ్బు రాదు.

పోకుండా చూసుకోవడం కూడా షరతే

ప్రతి పాలసీలో 'తగిన జాగ్రత్త తీసుకోవాలి' అని ఒక షరతు ఉంటుంది. రెండు మిషన్లకూ దారం కట్టి చొక్కా వెనక క్లిప్పు పెట్టడం, చిన్నపిల్లలకు మెత్తటి హెడ్‌బ్యాండ్, విగ్గులకు వాడే రెండువైపుల అంటుకునే టేపు, పిల్లలు తెరవలేని బ్యాటరీ తలుపు, ఇవన్నీ చవక. బ్యాటరీ తలుపు విషయం బీమా కన్నా ముఖ్యం. బటన్ బ్యాటరీ మింగితే గంటల్లో అన్నవాహిక కాలుతుంది, వెంటనే ఎమర్జెన్సీకి పరుగెత్తాలి. రాత్రి సిలికా జెల్ ఉన్న డబ్బాలో పెడితే తేమ బాధ తగ్గుతుంది.

మన దగ్గర మిషన్ పోయే వేళలు కొన్ని ఉన్నాయి. తలనీలాలు ఇచ్చేటప్పుడు తల తడుపుతారని తీసి జేబులో వేస్తారు, ఆ జేబు బట్టలు మార్చుకునే చోట ఖాళీ అవుతుంది. పుష్కర స్నానం, కోనేరు, హోలీ, పెళ్లి ఇంట్లో పదిమంది పిల్లలతో నిద్ర. మాస్కు తాడు లాగినప్పుడు చెవి వెనక మిషన్ కూడా ఊడొస్తుంది. తీసిన వెంటనే పెట్టడానికి మూత బిగుసుకునే డబ్బా ఒకటి సంచిలో ఎప్పుడూ ఉండాలి. టిష్యూ కాగితంలో చుట్టడం మాత్రం వద్దు, అది నేరుగా చెత్తబుట్టకే పోతుంది.

స్కూల్లో క్లాసు టీచరు దగ్గర చిన్న పుస్తకం పెట్టించండి. పొద్దున వచ్చేటప్పుడు రెండూ ఉన్నాయా, వెళ్లేటప్పుడు ఉన్నాయా, తేదీ, సంతకం. ఎక్కడ పోయిందో తెలియదన్న మాట "మధ్యాహ్నం ఆటల గంటలో మైదానంలో పోయింది" అన్న మాటగా మారేది ఈ పుస్తకం వల్లే.

పోయిన రోజు

ముందు వెతకండి, కానీ పద్ధతిగా. గదిలో ఫ్యాను, టీవీ ఆపితే, ఆన్‌లో ఉన్న మిషన్ దుప్పటి మడతలో కూత పెట్టడం వినిపించవచ్చు. పాపకు వినపడదు, మీకు వినపడుతుంది. బ్లూటూత్ మోడళ్లలో చాలావాటికి ఫోన్ యాప్‌లో చివరిసారి ఎక్కడ కలిసి ఉందో చూపే సదుపాయం ఉంది. ఆ స్క్రీన్ ఫొటో తీసి దాచండి, అదీ సాక్ష్యమే. వాషింగ్ మెషీన్, బస్సు సీటు సందు, హెల్మెట్ లోపల చూడటం మరవొద్దు.

దొరకకపోతే అదే రోజు కంపెనీకి ఈమెయిల్ చేసి, హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేసి రిఫరెన్సు నంబరు తీసుకోండి. ఆలస్యంగా చెప్పడం క్లెయిమ్ తిరస్కరణకు మామూలు సాకు. దొంగతనమైతే ఎఫ్‌ఐఆర్ కావాలి. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షన్ కింద ఏ స్టేషన్లోనైనా ఫిర్యాదు ఇవ్వొచ్చు, ఎఫ్‌ఐఆర్ నకలు ఉచితంగా ఇవ్వాలి. ఆన్‌లైన్‌లో పంపితే మూడు రోజుల్లో వెళ్లి సంతకం చేయాలి. తర్వాత 'దొరకలేదు' అన్న తుది నివేదిక కూడా కంపెనీ అడుగుతుంది. దానికి నెలలు పట్టొచ్చు కాబట్టి ఎఫ్‌ఐఆర్ చేతికొచ్చిన రోజే అడగడం మొదలుపెట్టండి. దొంగతనం కాక జారిపోయి ఉంటే ఉన్నదున్నట్టు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి, జనరల్ డైరీ (స్టేషన్ రోజువారీ రిజిస్టరు) నంబరు, స్టాంపు వేసిన నకలు తీసుకోండి. దొంగతనమని రాస్తే డబ్బు త్వరగా వస్తుందని ఎవరైనా సలహా ఇస్తే వినొద్దు. అది తప్పుడు ఫిర్యాదు. స్కూలు పుస్తకంలో ఒకటి, ఎఫ్‌ఐఆర్‌లో ఇంకొకటి కనపడితే ఉన్న క్లెయిమ్ కూడా పోతుంది.

మిషన్ పాడైతే సర్వేయర్ చూసేదాకా విప్పించొద్దు, రిపేరుకు ఇవ్వొద్దు. కుక్క నమిలిన ముక్కల్ని కూడా కవర్లో దాచండి. తడిస్తే ఆఫ్ చేసి, బ్యాటరీ తీసి, పొడిబట్టతో తుడిచి సిలికా జెల్‌లో పెట్టండి. హెయిర్ డ్రయ్యర్, ఎండ, అన్నం కుండ పక్కన పెట్టడం లాంటివి ప్లాస్టిక్‌ను వంచేస్తాయి. సర్వీస్ సెంటర్ నుంచి రెండు కాగితాలు కావాలి: ఒకటి రిపేరు అంచనా లేదా రిపేరుకు లాభం లేదన్న ధ్రువపత్రం, రెండోది అదే స్థాయి కొత్తదాని కోట్. వీటికి క్లెయిమ్ ఫారం, బిల్లు, పాన్, రద్దు చేసిన చెక్కు జత చేసి పంపి, ప్రతి కాగితానికి నకలు ఉంచుకోండి.

ఈ లోపు పాప వినకుండా కూర్చోకూడదు. భాష నేర్చుకునే వయసులో వారాలు పోతే నష్టం డబ్బుతో తీరదు. ఆడియాలజిస్టును తాత్కాలిక మిషన్ అడగండి, చాలామంది దగ్గర ఉంటుంది. కొత్తది వెంటనే కొనక తప్పకపోతే కొనండి. కానీ కొనేముందు "పాప మాట, చదువు కోసం ఆగలేం, ఫలానా తేదీన కొంటున్నాం, అభ్యంతరం ఉంటే తెలపండి" అని సర్వేయర్‌కు, కంపెనీకి మెయిల్ పెట్టండి.

కాదంటే

తిరస్కరణ కారణం రాతలో, పాలసీలోని షరతు సంఖ్యతో సహా అడగండి. ముందు కంపెనీ ఫిర్యాదుల అధికారికి రాయాలి. రెండు వారాల్లో జవాబు రాకపోయినా, జవాబు నచ్చకపోయినా ఐఆర్‌డీఏఐ బీమా భరోసా పోర్టల్‌లో లేదా 155255కు చెప్పొచ్చు. కంపెనీకి రాసి నెల దాటినా తేలకపోతే, లేదా జవాబు నచ్చకపోతే, బీమా వివాదాలు తీర్చే ఇన్సూరెన్స్ ఆంబుడ్స్‌మన్. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, యానాంలకు కార్యాలయం హైదరాబాద్‌లోనే ఉంది. ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు, రానివ్వరు కూడా. 50 లక్షల దాకా వివాదాలు చూస్తారు. కంపెనీ చివరి జవాబు వచ్చిన ఏడాదిలోపు వెళ్లాలి. జిల్లా వినియోగదారుల కమిషన్ ఇంకో దారి. 5 లక్షల దాకా అక్కడా ఫీజు లేదు, గడువు రెండేళ్లు. ఒకేసారి రెండు చోట్లా నడపలేరు. చిన్న మొత్తాలకు ఆంబుడ్స్‌మనే సులువు.

మిగతా పరికరాలు

ఇంట్లో వాడే బైపాప్ (శ్వాసకు సాయపడే మెషీన్), ఆక్సిజన్ కాన్సన్‌ట్రేటర్, సక్షన్ మెషీన్ లాంటివాటికి ప్రమాదం ఎక్కువగా కరెంటు నుంచి వస్తుంది. వోల్టేజీ ఎగిసి బోర్డు కాలితే అగ్ని బీమాలో ఆ పరికరానికే కలిగిన నష్టం సాధారణంగా రాదు. దీనికి ఎలక్ట్రానిక్ ఎక్విప్‌మెంట్ పాలసీ ఉంది. ఇంటి బయటికి తీసుకెళ్లేవాటికి అందులో పోర్టబుల్ కవర్ విడిగా అడిగి చేర్పించుకోవాలి. స్టెబిలైజరు, యూపీఎస్ లేకపోతే జాగ్రత్త లేదని కంపెనీ అనొచ్చు, పైగా వాటి అవసరం బీమాతో నిమిత్తం లేకుండానే ఉంది. అద్దెకు తెచ్చిన మెషీన్ అయితే అద్దె ఒప్పందంలో నష్టం ఎవరిదో చదవండి. చాలావాటిలో మీదే అని ఉంటుంది, డిపాజిట్‌తో తీరదు.

ఇన్సులిన్ పంపు ఖరీదైన వస్తువు కాబట్టి చెవి మిషన్‌లాగే పేరు రాయించాలి. గ్లూకోజ్ సెన్సర్లు పడిపోతే బీమా దగ్గరికి కాక తయారీ కంపెనీ హెల్ప్‌లైన్‌కు వెళ్లాలి. లాట్ నంబరు ఉన్న పెట్టె అప్పటిదాకా పారేయొద్దు.

అమెరికాలో ఉన్న తెలుగు కుటుంబాలకు దారి కొంచెం వేరు. అక్కడ కొత్త మిషన్‌తో పాటు వారంటీ కాలంలో ఒక్కో చెవికి ఒకసారి పోయినా, పాడైనా మార్చి ఇచ్చే ఏర్పాటు తయారీదారు నుంచి తరచూ వస్తుంది, కొంత మొత్తం మీరు కట్టాలి. అది ఒకసారికే. వాడేశాక ఇంటి యజమాని బీమాలోనో, అద్దెదారు బీమాలోనో షెడ్యూల్డ్ పర్సనల్ ప్రాపర్టీ కింద మిషన్‌ను పేరుతో చేర్పించాలి. మెడికెయిడ్ (తక్కువ ఆదాయం వారికి ప్రభుత్వ ఆరోగ్య బీమా) ఉన్న 21 ఏళ్ల లోపువారికి ఈపీఎస్‌డీటీ అనే పిల్లల వైద్య సదుపాయం కింద అవసరమైన హియరింగ్ ఎయిడ్‌లు వస్తాయి. స్కూల్లో పెట్టుకునే మిషన్ సరిగ్గా పనిచేస్తోందని చూడటం ప్రభుత్వ స్కూలు బాధ్యత, ఇది వైకల్యమున్న పిల్లల చదువుకు సంబంధించిన ఐడీఈఏ చట్టం నిబంధనల్లో ఉంది. అలాగని పోతే కొనిచ్చే బాధ్యత వాళ్లది కాదు. వేసవికి ఇండియా వచ్చేముందు ఆ కవర్ దేశం బయట పనిచేస్తుందో లేదో ఏజెంటుతో మెయిల్‌లో రాయించుకుని, మిషన్ ఛార్జరును చెక్-ఇన్ పెట్టెలో కాకుండా చేతి సంచిలో పెట్టుకోండి.